“రక్తం తక్కువుంది, మంచిగ తిను” సరే, తినడానికి ఏమున్నదో అడిగిందెవరు?



పోయిన ఎండాకాలం మా చిన్నమ్మను తీసుకొని ఒక ఆస్పత్రికి పోయిన. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కూసొని లేస్తే కండ్లకు చీకట్లు. రక్తపరీక్ష చేసిన్రు. హిమోగ్లోబిన్ 7 కూడా లేదు. చీటీ రాస్తున్న మేడం తలెత్తకుండనే అన్నది: “ఒంట్లో రక్తం లేదు. గుడ్లు, పాలు, పండ్లు, ఆకుకూరలు మంచిగ తినాలె. ఇట్ల నిర్లక్ష్యం చేస్తే ఎట్ల?”

చిన్నమ్మ తలూపింది. బయటికొచ్చినంక నన్నడిగింది: “బిడ్డా, నిర్లక్ష్యం అంటే ఏంది?”

డిగ్రీ చదివిన నాకు ఆ మాటకు అర్థం తెలుసు. కానీ ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆమె బతుకులో దేన్నీ నిర్లక్ష్యం చెయ్యలేదు.

ఆమె ఏడాది ఎట్ల గడుస్తదో చూడండి. చలి పోంగనే మిరపతోటల్లో కాయ ఏరుడు. చేతులు మండి రాత్రి నిద్ర పట్టదు. ఆ వెంటనే విప్పపువ్వు, తర్వాత తునికాకు. తెల్లారకముందే అడవికి పోవాలె, ఎండ ముదిరేలోపు ఇంటికి చేరాలె, 50 ఆకులకొక కట్ట కట్టాలె, కల్లంలో అప్పజెప్పాలె. వానలు పడితే నాట్లు, కలుపు. ఆ తర్వాత పత్తి. వీటి మధ్యనే నీళ్ళు, కట్టెలు, వంట, పిల్లలు. అందరూ తిన్నంక గిన్నెలో మిగిలిన అన్నం, ఇంత పులుసు ఆమె వంతు. ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట, కన్నాయిగూడెం ఊర్లలో ఇట్లాంటి చిన్నమ్మ లేని ఇల్లు ఎన్ని ఉంటయో మీరే చెప్పండి.

ఇది మన ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నది. అంతకుముందు సర్వేలో కూడా దాదాపు ఇంతే. 2022 డిసెంబర్‌లో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు ఇయ్యడానికి ప్రభుత్వం ఎంచుకున్న 9 జిల్లాల్లో మన ములుగు ఒకటి. అంటే మన ఆడవాళ్ళకు రక్తం తక్కువున్నదని సర్కారుకు తెలుసు. ఎందుకు తక్కువున్నదనే దగ్గరనే మాట మారుతది. “వాళ్ళకు అవగాహన లేదు” అంటరు. ఆ ఒక్క మాటతోని తప్పంతా ఆమె మీదికే నెట్టేస్తరు.

నా వాదన సూటిగా చెప్తా. మన ఆడవాళ్ళ రక్తహీనత తెలివితక్కువతనం కాదు, పేదరికం. ఆ పేదరికం భూమి నుంచి, అడవి నుంచి, కూలి నుంచి వచ్చింది. అందుకే ఇది ఆస్పత్రి ముచ్చట ఒక్కటే కాదు, హక్కుల ముచ్చట.

మొదలు తిండి సంగతి. మా అవ్వల కాలంలో పోడులో జొన్నలు, సామలు, కందులు, బొబ్బర్లు పండేవి. అడవిలో దుంపలు, కూరాకు, తేనె దొరికేవి. ఇప్పుడు అదే భూమిలో అప్పు తెచ్చి పత్తి, మిర్చి పెడుతున్నం. రేషన్ల ఒక్కొక్కరికి 6 కిలోల బియ్యం వస్తయి. బియ్యం కడుపు నింపుతది, రక్తం నింపదు. పప్పు, నూనె, గుడ్డు కొనాలంటే కూలి పైసలే దిక్కు.

అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఒక పూట అన్నం, గుడ్డు, పాలు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి 2015 నుంచి ఉన్నది. మంచి పథకమే, కాదనను. కానీ ఆ బువ్వ పెట్టేది మధ్యాహ్నం, సెంటర్ల కూసొని తినాలె. ఆ టైంకు ఆమె మిరపతోటలో ఉంటది. గుడ్డు కోసం వస్తే కూలి పోతది, కూలికి పోతే గుడ్డు పోతది. దీన్ని కూడా నిర్లక్ష్యం అందామా? 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి, బాలింతకు 6000 రూపాయలకు తగ్గకుండ ప్రసూతి సాయం అందాలన్నది. కూలి పోయిన రోజుల్లో ఇంట్లో పొయ్యి ఆరకూడదనే ఆ సాయం. మీ ఊర్లో ఎంతమందికి అందిందో ఒకసారి ఇంటింటికి పోయి అడగండి.

రెండోది మందు. ఐరన్ గోళీలు పారేస్తున్నరని మన ఆడవాళ్ళను తిడ్తరు. ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతది, విరేచనం నల్లగ వస్తది. అది మామూలేనని, గోళీతోపాటు చాయ తాగితే మందు సరిగ్గా ఒంటబట్టదని ఓపికగా, అర్థమయ్యే భాషలో చెప్తే ఎందుకు వేసుకోరు? ఇంకో సంగతి. రక్తం తగ్గేది తిండి లోపంతోనే కాదు. మలేరియాతో తగ్గుతది, నులిపురుగులతో తగ్గుతది, మన తెగల్లో ఉన్న సికిల్ సెల్‌తో తగ్గుతది. సికిల్ సెల్ పుట్టుకతో వచ్చేది, ఐరన్ గోళీతో నయం కాదు. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ ప్రకారం ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏండ్ల లోపు వాళ్ళకు పరీక్షలు చెయ్యాలె. కారణం తెలుసుకోకుండ అందరికీ ఒకే గోళీ, ఒకే తిట్టు సరిపోతదా?

మూడోది దారి. మైదానంలో 5000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రమైతే, ఆదివాసీ ప్రాంతంలో 3000 మందికే ఒకటి ఉండాలన్నది సర్కారు నియమం. కానీ వాగు పొంగితే ఏ లెక్కా పనిచెయ్యదు. 2023 జూలైలో జంపన్నవాగు కొండాయిని ముంచి ప్రాణాలు తీసింది, మనమెవరం మర్చిపోలేదు. రక్తం తక్కువున్న ఆడమనిషికి కాన్పు టైంలో కొంచెం ఎక్కువ రక్తం పోయినా ప్రాణం మీదికొస్తది. ఆమెకు గంట ఆలస్యం కూడా ప్రమాదమే. సాలూరులో 2018లో గిరిజన గర్భిణుల కోసం వసతిగృహం పెట్టి, కాన్పుకు ముందే తీసుకొచ్చి ఉంచుకున్నరు. వాగు అవతల ఉన్న మన ప్రతి చెల్లెకు వానాకాలం రాకముందే అట్లాంటి చోటు హక్కుగా దొరకాలె.

ఇప్పుడు మన ముచ్చట. సర్కారును అడిగే ముందు మనల్ని మనం అడుక్కోవాలె. మనం పోడు పట్టాల మీద ధర్నాలు చేసినం, జీవో 3 మీద ర్యాలీలు తీసినం. ఆ మీటింగులకు అన్నం వండింది మన అక్కలే. వాళ్ళ ఒంట్లో రక్తమెంతున్నదో ఏ మీటింగులోనన్నా మాట్లాడినమా? అటవీహక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలె. ఇంట్లో ఆ కాగితం తీసి ఆమె పేరున్నదో లేదో చూసినమా? ఆడవాళ్ళు ఆఖరికి తినుడు మన సంప్రదాయమని ఊకుందామా? అన్నలారా, మీ కూలి పైసల్లో సారాకు పోయేదెంత, కందిపప్పుకు పోయేదెంత? కోపం రావచ్చు, కానీ లెక్క వేయండి.

అందుకే నేను కోరేది ఒక్కటే. వచ్చే గ్రామసభలో రోడ్డు, పట్టాలతోపాటు “మన ఊరి ఆడవాళ్ళ రక్తం” అని ఒక అంశం పెట్టండి. ఎంతమందికి పరీక్ష అయింది, సికిల్ సెల్ ఎవరికి చూసిన్రు, ప్రసూతి సాయం ఎవరికి రాలేదు, అంగన్‌వాడీ బువ్వ పని టైంకు తగ్గట్టు మార్చొచ్చా, రేషన్ల పప్పు, చిరుధాన్యాలు ఎందుకియ్యరు అని ఆడవాళ్ళతోనే మాట్లాడించండి. ఎవరి రిపోర్టులో ఎంతుందో నలుగుట్ల చదవొద్దు, అది వాళ్ళ సొంత విషయం. ఊరి మొత్తం లెక్క చాలు. తీర్మానం రాసి ఏటూరునాగారం ఐటీడీఏకు ఇయ్యండి, కాపీ దగ్గర పెట్టుకోండి. పెసా చట్టం వచ్చింది 1996లో. గ్రామసభకున్న ఆ బలాన్ని మన అమ్మల కోసం ఒక్కసారన్నా వాడుదాం.

చిన్నమ్మకు రక్తం ఎక్కిచ్చిన్రు. ఇప్పుడు కొంచెం నయం. కానీ మళ్ళ మిరపతోటకు పోతున్నది, పోకుంటే పూట గడవదు. ఆమె అడిగిన మాటకు నేనింకా జవాబు చెప్పలేదు. గ్రామసభలో అందరి ముందు చెప్దామనుకుంటున్న: నిర్లక్ష్యం అంటే నువ్వు చేసింది కాదు చిన్నమ్మా, నీకు జరిగింది.

జై ఆదివాసీ! మావ నాటే మావ రాజ్!