ముందు ఊపిరి సంగతి చెప్పండి

2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం చేస్తున్నారు కదా, ఆ వారం మా కాలనీ మేడ మీద కూడా చాపలు పడతాయి. నేర్పే ఆవిడ ‘పశ్చిమోత్తానాసనం’ అనగానే కొత్తగా వచ్చిన పిన్నిగారు పక్కవాళ్ల వంక చూస్తారు. కాళ్లు చాపి కూర్చోండి, ఊపిరి వదులుతూ తుంటి దగ్గర్నుంచి వంగండి, మోకాళ్లు కాస్త మడిచినా తప్పులేదు అంటే ఎంత తేలిక! అదేం చెప్పరు. ‘కాలివేళ్లు అందుకోండి’ అంటారంతే. పిన్నిగారు ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున వంగుతారు. మర్నాటికి నడుం పట్టేస్తుంది. యోగా మన ఒంటికి పడదమ్మా అనేస్తారు.

బీపీ ఉందా, కంట్లో నీటికాసులున్నాయా, కడుపుతో ఉన్నారా అని అడక్కుండా శీర్షాసనం వేయించడం మరీ దారుణం. మొదటిరోజే అడగాలి. వాళ్లడక్కపోతే మొహమాటపడకండి, మీరే చెప్పేయండి.