మిషన్లు వస్తున్నయ్ సరే, నేర్పే సారు సంగతేంటి?

ఈ వారం బులెటిన్ కొంచెం పొడుగుంది. డ్యూటీ దిగి, తిన్నాక తీరిగ్గా చదవండి. ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఏసీ, పంపింగ్ స్టేషన్ పనుల్లో ఉన్నవాళ్లు తప్పకుండా చదవాలి. ఇంటి దగ్గర ఐటీఐ చదివే కొడుకో, తమ్ముడో ఉన్నవాళ్లు ఇంకా తప్పకుండా.

మన గ్రూపులో ఈ మధ్య ఐటీఐ ఫొటోలు చాలా తిరుగుతున్నయ్. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. 2,324 కోట్ల పథకం, 2024 జూన్‌లో మల్లేపల్లిలో మొదలుపెట్టారు. రోబో చెయ్యి, కొత్త మిషన్లు, మెరిసే ఫ్లోరు. చూసి సంతోషించాం. 2025 మేలో కేంద్ర కేబినెట్ 1,000 ఐటీఐలకు 60,000 కోట్ల పథకం ఒప్పుకుంది. దాన్నీ అందరూ ఫార్వర్డ్ చేశారు. కానీ అదే పథకంలో ఇంకో మాట ఉంది, అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. హైదరాబాద్‌తో కలిపి 5 జాతీయ శిక్షణ సంస్థలను బాగుచేసి, 50,000 మంది ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇస్తామని. నా గోల అంతా ఆ ఒక్క మాట గురించే. మిషన్‌కు కొబ్బరికాయ కొట్టొచ్చు, పూలదండ వేయొచ్చు. సారుకు పని వచ్చా రాదా అనేది ఫొటోలో కనపడదు కదా, అందుకే దాని గురించి ఎవరికీ పట్టదు.

మనం చేసే పని చిన్నదని ఎవరన్నా అంటే నమ్మకండి. గల్ఫ్‌లో తాగే నీళ్లు ఎక్కువభాగం సముద్రపు నీళ్లను శుద్ధి చేసినవే. కరెంటు పోతే నీళ్లు పోతయ్, ఎండాకాలం చిల్లర్ ఆగితే ఆస్పత్రిలో రోగులకు కష్టం, సీవేజ్ పంపు ఆగితే రోడ్డు మీద నడవలేం. ఇంత పెద్ద పని మనకు ఎవరు నేర్పారు? నిజం చెప్పండి. ఐటీఐలో నేర్చుకున్నది ఎంత, ఇక్కడికొచ్చాక పక్కన పనిచేసే మలయాళీ అన్ననో, పాకిస్తానీ ఫోర్‌మన్‌నో చూసి, తిట్లు తిని నేర్చుకున్నది ఎంత?

ఒక్క ఉదాహరణ చెప్తా. మన దగ్గర చదువుకున్నవాడికి ఎర్ర, పసుపు, నీలం వైర్లు ఫేజులు, నలుపు న్యూట్రల్. నిద్రలో లేపి అడిగినా చెప్తడు. ఇప్పటి ఐఈసీ రంగుల్లో గోధుమ, నలుపు, బూడిద ఫేజులు, నీలం న్యూట్రల్. చూశారా, నలుపు, నీలం పూర్తిగా తారుమారు. అక్కడ న్యూట్రల్ అని నేర్చుకున్న నల్ల వైరే ఇక్కడ కొత్త ప్యానెల్‌లో ప్రాణం తీసే ఫేజు. పాత బిల్డింగులో పాత రంగులు, పక్క బిల్డింగులో కొత్త రంగులు. ఈ ముక్క ఐటీఐలో చెప్పడానికి కోట్ల మిషన్ అక్కర్లేదు. నాలుగు రకాల వైరు ముక్కలు, ఒక చెక్క బోర్డు చాలు. కానీ ఆ బోర్డు పెట్టాలని తోచాలంటే, సారు ఎప్పుడో ఒకసారి అలాంటి ప్యానెల్ ముందు నిలబడి ఉండాలి.

ఇంకోటి. లైన్‌లో కరెంటు లేదని తేల్చుకోవడం. ముందు టెస్టర్‌ను కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడాలి, తర్వాత మనం పనిచేసే చోట చూడాలి, మళ్లీ వెనక్కి వెళ్లి మొదటి చోట చూడాలి. మధ్యలో టెస్టరే చచ్చిపోతే మనకు తెలియదు కాబట్టి ఆ మూడోసారి. కొత్తగా వచ్చిన పిల్లల్లో ఆ మూడోసారి చేసేవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను. బ్రేకర్‌కు ఎవరి తాళం వాళ్లే వేసుకోవాలి, తాళంచెవి ఎవరి జేబులో వాళ్లకే ఉండాలి అంటే నవ్వుతారు. నవ్వడం వాళ్ల తప్పు కాదు. మన ఊళ్లలో ఎల్సీ తీసుకోవడం ఎట్లుంటదో వాళ్లు చూసి పెరిగారు కదా. ఫోన్‌లో ‘అన్నా, ఆఫ్ చేసినవా’ అని అడిగి స్తంభం ఎక్కడం, ఎర్త్ రాడ్ వేయకపోవడం, కింద ఎవరో తెలియక ఆన్ చేయడం. లైన్‌మన్ దగ్గర హెల్పర్‌గా తిరిగే ప్రైవేటు పిల్లలు అట్లనే పోతున్నారు. పంపు దగ్గర ఫ్యూజు వేయబోయి రైతులూ అట్లనే పోతున్నారు. గల్ఫ్‌కు రాని పిల్లలకు కూడా ఈ చదువే కావాలని అందుకే అంటున్నా.

మ్యాన్‌హోల్ సంగతి ఇంకా ఘోరం. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తది. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ‘వాసన పోయింది, గ్యాస్ పోయింది’ అనుకుని దిగినవాడు పైకి రాడు. వాణ్ని తీయడానికి దిగినవాడూ రాడు. మూసి ఉన్న చోట్ల జరిగిన మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడడానికి దిగినవాళ్లవేనని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియాష్ 1986లోనే హెచ్చరించింది. ఇది బ్లాక్‌బోర్డు మీద రాసి నేర్పితే వచ్చే విద్య కాదు. ట్రైపాడ్ కట్టాలి, నాలుగు గ్యాసుల మీటరు తాడుతో కిందికి దింపి పైనా, మధ్యలో, అడుగున చూడాలి, ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువుంటే దిగొద్దు. దోస్తు కింద పడిపోయినా దిగకుండా పైనుంచే తాడు లాగడం పదిసార్లు ప్రాక్టీసు చేయించాలి. మనసు వద్దన్నా చేతులు ఆ పని చేయాలి. అట్లా చేయించడం వచ్చిన సారు మీ జిల్లా ఐటీఐలో ఉన్నాడా? ఫోన్ చేసి కనుక్కోండి.

సార్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. పాపం, వాళ్లలో చాలామంది ఐటీఐ చదివి, ఏడాది ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేసి, క్లాసు గదిలోంచి మళ్లీ క్లాసు గదిలోకే వచ్చారు. పాఠం ఎట్లా చెప్పాలో వాళ్లకు నేర్పారు, మంచిదే. 11 కేవీ కేబుల్ జాయింట్ చేయించే చోటికి మాత్రం ఎవరూ పంపలేదు. చూడని పని ఎట్లా నేర్పుతడు? పుస్తకం చదివి నోట్స్ చెప్తడు. పిల్లలు రాసుకుంటరు. తర్వాత ట్రేడ్ టెస్టుకు ముందు కోచింగ్ దుకాణానికి వేలకు వేలు పోస్తరు. ఆ దుకాణంలో పరీక్షలో వచ్చే బోర్డు ఒక్కటే వంద సార్లు కట్టిస్తరు. సౌదీ ఇప్పుడు ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, వెల్డర్లు, ఏసీ టెక్నీషియన్లకు బయల్దేరకముందే స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష పెడుతున్నది. దానికీ అదే బట్టీ. పాసవుతడు. ఇక్కడ ప్యానెల్ తలుపు తీస్తే ఆ బోర్డు ఉండదు.

ఇప్పుడు మనవాళ్ల మాట. ‘20 ఏళ్లు చేసి వచ్చినోళ్లం మేమున్నం, మమ్మల్నే సార్లుగా పెట్టండి’ అని గ్రూపులో కొందరు రాస్తున్నారు. సగం ఒప్పుకుంటా. ఇంత అనుభవం జగిత్యాలలో, నిజామాబాద్‌లో, కడపలో, కోనసీమలో ఇళ్లల్లో ఖాళీగా కూర్చుని ఉంది. రెగ్యులర్ ఇన్‌స్ట్రక్టర్ పోస్టుకు ఐటీఐ కాగితమో, డిప్లొమానో కావాలి కాబట్టి, పది ఫెయిలైన మంచి జాయింటర్‌ను గేటు దగ్గరే ఆపేస్తరు. అది అన్యాయం. కానీ మిగతా సగం ఒప్పుకోను. పని వచ్చిన ప్రతివాడికీ నేర్పడం రాదు. మీకు నేర్పిన ఫోర్‌మన్‌ను గుర్తు చేసుకోండి. ‘చూసి నేర్చుకోరా’ అన్నాడా లేదా? చేతులు గబగబా ఆడతయ్, ఎందుకట్లా చేశాడో ఆయనకే చెప్పడం రాదు, అడిగితే కోపం. అదే తీరులో మనం మన పిల్లలకు నేర్పితే ఏం మారినట్టు?

నేర్పడం కూడా ఒక పనే, అదీ నేర్చుకోవచ్చు. అందుకు ఏళ్లు పట్టవు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు అమెరికాలో ఫ్యాక్టరీలకు కొత్త మనుషులు లక్షల్లో వచ్చిపడ్డారు. సూపర్‌వైజర్లకు పని నేర్పే పద్ధతిని 10 గంటల్లో, రెండేసి గంటల చొప్పున 5 రోజులు చెప్పారు. ముందు నేర్చుకునేవాడి భయం పోగొట్టు, పని ఒక్కో మెట్టుగా చేసి చూపి ఎందుకో చెప్పు, వాడితో చేయిస్తూ వాడితోనే కారణం చెప్పించు, తర్వాత వదిలేసి అప్పుడప్పుడు వచ్చి చూడు. అంతే. దీనికి తోడు మన పనుల్లో ఇంకోటి కావాలి. బోర్డులో కావాలని తప్పు పెట్టి, పిల్లవాణ్ని వెతకమని, నోరు మూసుకుని పక్కన నిలబడడం. అనుభవం ఉన్నవాడికి ఇదే అన్నిటికన్నా కష్టం. చెయ్యి దురద పెడతది.

కాబట్టి మనం అడగాల్సింది ఇది. ఐటీఐ సార్లను ఏడాదికి కొన్ని వారాలు జీతంతో సహా డిస్కం సబ్‌స్టేషన్లకు, జలమండలి పంపింగ్ స్టేషన్లకు పంపాలి, ఊరికే విజిటింగ్ కాదు, షిఫ్టు డ్యూటీకి. తిరిగొచ్చిన మన కార్మికులకు ఆర్‌పీఎల్ కింద పని పరీక్షించి, నేర్పే పద్ధతిలో చిన్న కోర్సు ఇచ్చి, సారు పక్కన ప్రాక్టికల్ చేయించేవాళ్లుగా పెట్టాలి, రోజుకు గిట్టుబాటు డబ్బుతో. గౌరవ వేతనం పేరుతో ముష్టి వేస్తే ఎవరూ రారు. 50,000 మందికి ఇచ్చే శిక్షణలో చేతి పనికి ఎన్ని రోజులు, క్లాసుకు ఎన్ని రోజులు అని లెక్క బయటపెట్టాలి.

‘ఇవన్నీ మనం అడిగితే వింటరా’ అని అప్పుడే వాయిస్ మెసేజ్ పెట్టే అన్నలకు ఒక్క మాట. ఓట్లప్పుడు గల్ఫ్ కుటుంబాల ఇళ్లకు అన్ని పార్టీలూ వస్తయ్. ఎక్స్‌గ్రేషియా గురించి మాట్లాడతరు, అంటే మనం చచ్చాక ఇచ్చే డబ్బు గురించి. చావకుండా పని నేర్పే సారు గురించి కూడా ఆ గుమ్మం దగ్గరే అడగమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

ఈ అర్జీ మన గ్రూపు తరఫున రాస్తున్నం. మీ ట్రేడు, ఎన్నేళ్ల అనుభవం, ఏ జిల్లా, ఇంటికి పోయాక నేర్పడానికి ఇష్టమా కాదా, ఈ నాలుగు ముక్కలు వచ్చే గురువారం లోపు అడ్మిన్‌కు విడిగా పంపండి. పాస్‌పోర్టు కాపీలు, సివిల్ ఐడీ ఫొటోలు గ్రూపులో పెట్టకండి. ఐటీఐలో మీకు చెప్పకపోతే ఇక్కడ దెబ్బతిని తెలుసుకున్న సంగతి ఏదన్నా ఉంటే, కంపెనీ పేరు లేకుండా ఒక వాయిస్‌లో చెప్పండి. అర్జీకి జతచేస్తం.