ఎద్దు పళ్లు చూసేవారు ఫోను నంబరు చూడరా?

మంఖాల్: పశువుల అంగడికి పోయిన రైతు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. బేరం కుదిరాక రసీదు చేతికి వస్తేగాని తాడు పట్టడు. అదే రైతు కొడుకు బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాడు చూపిన పాత సెల్‌ఫోనును పది నిమిషాల్లో కొనేస్తాడు. కాగితం ఉండదు. అమ్మినవాడి ఊరూ పేరూ తెలియవు.

పాత ఫోను కొనడం తప్పు కాదు. కూలి డబ్బు అందాలన్నా, బ్యాంకు పని కావాలన్నా, పిల్లల చదువుకైనా నేడు ఫోను కావలసిందే. కొత్తది కొనలేని పేదవాడు పాతది వెతుక్కుంటాడు. మోసగాడికి కావలసింది సరిగ్గా ఆ అవసరమే.

శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం వచ్చింది గనుక, “కస్టమ్స్ వారు పట్టిన సరుకు, అందుకే బిల్లు లేదు” అంటే ఈ చుట్టుపక్కల నమ్మేవారుంటారు. కస్టమ్స్ శాఖ జప్తు చేసిన సరుకును వేలం వేస్తుందే తప్ప రోడ్డు మీద అమ్మించదు. బిల్లు లేదన్నప్పుడే అనుమానించాలి.

హైదరాబాద్ పోలీసులు 2024లో ఒక ముఠాకు చెందిన 17 మందిని పట్టుకుని, 700కు పైగా ఫోన్లు స్వాధీనం చేసుకున్నారు. కొట్టేసిన ఫోన్లు సూడాన్ దేశం దాకా పోతున్నట్లు అప్పుడు బయటపడింది. అంత దూరం పోయే సరుకు పక్క ఊరి సంతకు రాదని చెప్పలేం.

2023 నుంచి దేశమంతటా సీఈఐఆర్ విధానం అమలులో ఉంది. ఫోను పోయినవారు ఫిర్యాదు చేస్తే అది ఏ కంపెనీ సిమ్‌తోనూ పనిచేయకుండా ఆపుతారు. అందులో ఎవరు సిమ్ వేసినా ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. అప్పుడు పిలుపు వచ్చేది దొంగకు కాదు, కొన్నవాడికి. ఫోనూ పోతుంది, డబ్బూ పోతుంది. దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉండీ కొంటే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు పడవచ్చు. 20 వేల ఫోను 3 వేలకు వస్తుంటే, అనుమానించడానికి అంతకన్నా కారణం ఏం కావాలి?

జాగ్రత్త కష్టం కాదు. ఫోనులో స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. బిల్లు మీద, డబ్బా మీద అదే నంబరు ఉండాలి. ఆంగ్లంలో ‘కేవైఎం’ అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు సందేశం పంపాలి. నిషేధించినదనో, నకిలీదనో, ఇదివరకే వాడుకలో ఉన్న నంబరనో జవాబు వస్తే ఆ ఫోను ముట్టుకోరాదు. అమ్మేవాడు తన ఖాతాను, తాళాన్ని ఎదుటే తొలగించాలి. వాయిదాలు తీరాయో లేదో అడగాలి. పేరు, చిరునామాతో రసీదు రాయించుకోవాలి.

చదువుకున్న యువకులు ఇంటి పెద్దలకు ఈ నంబరు చూడడం నేర్పాలి. దుకాణదారులు అమ్మినవారి వివరాలు పుస్తకంలో రాసుకోవాలి. పోలీసులు ఈ సూచనలను తెలుగులో బోర్డు మీద రాయించి దుకాణాల్లో, బస్టాండుల్లో పెట్టించాలి. దొంగ దొరికాక కేసు పెట్టడం కన్నా, కొనేవాడు మోసపోకుండా చూడడం మేలు.