థాంప్సన్ సారు 27 ఏళ్లు: ఒక్క కప్పు, ఒక తువ్వాలు, గాలి లేని బంతి

పోస్టు పొడుగున్నది. ఓపికున్నోళ్లు ఇప్పుడే చదవండి, లేనోళ్లు దాచిపెట్టుకొని సెలవుల్లో చదవండి.

మా హాస్టల్ గదిలో నలుగురికి బాస్కెట్‌బాల్ పిచ్చి. అలెన్ ఐవర్సన్ వీడియోలతో మొదలైంది. తనకన్నా మూరెడు పొడుగున్నోళ్లను అటూ ఇటూ ఊపి దాటిపోతుంటే, ఒకే ఫోన్ చుట్టూ నలుగురం మూగి చూసేటోళ్లం. ఈయనకు కాలేజీలో ఆట నేర్పిందెవరు అని తవ్వుకుంటూ పోతే, భుజం మీద తెల్ల తువ్వాలేసుకున్న ఒక భారీ మనిషి దొరికిండు. జాన్ థాంప్సన్. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ జట్టుకు 1972 నుంచి 1999 జనవరి దాకా కోచ్. మేము పుట్టకముందే దిగిపోయిండు, 2020 ఆగస్టులో చనిపోయిండు. అయినా మేము ఆయన మనుషులమే.

మొన్న సాయంత్రం ఆట అయినంక పక్క గది అన్న ఒకాయన ఎగతాళి చేసిండు. ఒక్క టైటిల్ కోచ్‌ను నెత్తిన పెట్టుకుంటరేందిరా అని. లెక్క ఆయన వైపే ఉన్నది. డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్స్కీకి ఐదు జాతీయ టైటిళ్లు, యూసీఎల్ఏ కోచ్ జాన్ వుడెన్‌కు పది. థాంప్సన్‌కు 1984లో వచ్చింది ఒక్కటే. మొత్తం 596 గెలుపులు, 239 ఓటములు. మంచి రికార్డే, కానీ అందరికన్నా పైన లేదు. ఆ రాత్రి మేము జవాబు చెప్పలేకపోయినం. ఇది ఆ అన్నకు జవాబు అనుకోండి.

ముందు ఒక్క మాట. అమెరికాలో కాలేజీ ఆటంటే మన ఇంటర్ కాలేజ్ మీట్ లాంటిది కాదు. వేల మంది టికెట్ కొని చూస్తరు, టీవీలు కోట్లు పోస్తయి. ఆ రోజుల్లో ఆడే పిల్లలకు మాత్రం జీతం లేదు. దొరికేది స్కాలర్‌షిప్. ఫీజు, గది, తిండి, పుస్తకాలు. నాలుగేళ్లు ఒళ్లు హూనం చేసుకొని ఆడి, డిగ్రీ లేకుండా బయటికొస్తే చేతిలో ఏమీ ఉండదు. స్కాలర్‌షిప్ ఆగితే ఇంట్ల ఏమైతదో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

థాంప్సన్ అదే వాషింగ్టన్‌లో, నల్లవాళ్లకు వేరే బడులున్న రోజుల్లో పుట్టిండు. 1941. నాన్నకు చదువు రాదు, పెంకులు చేసే ఫ్యాక్టరీలో పని. అమ్మ టీచర్ చదువు చదివినా వాషింగ్టన్‌లో ఇళ్లల్లో పాచిపని చేసింది. ఆ తువ్వాలు అమ్మదే, అంటే అమ్మ వంటింట్లో భుజం మీద వేసుకునే అలవాటును ఆయన కోర్టుకు తెచ్చుకున్నడు. చిన్నప్పుడు చూపు సరిగ్గా లేక చదవలేకపోతే బుర్ర లేని పిల్లాడని ముద్ర వేసిండ్రు. మన ఆశ్రమ బడుల్లో ఇంట్లో ఒక భాష, బోర్డు మీద ఒక భాష ఉండి నోరు మెదపని పిల్లలకు పడే ముద్ర లాంటిదే. తర్వాత ఒక టీచరమ్మ కూర్చోబెట్టి చదువు నేర్పింది. ఆరడుగుల పది అంగుళాలు పెరిగిండు, ప్రావిడెన్స్ కాలేజీకి ఆడిండు, బోస్టన్ సెల్టిక్స్‌లో బిల్ రసెల్ వెనక రెండేళ్లు బెంచీ మీద కూర్చున్నడు. ఆ తర్వాత ఒక హైస్కూల్ కోచ్. అక్కడి నుంచి జార్జ్‌టౌన్.

ఆయన రాకముందు ఏడాది ఆ జట్టు మూడు గెలిచి ఇరవై మూడు ఓడింది. ఆ యూనివర్సిటీ గతం కూడా చెప్పాలె. 1838లో దాన్ని నడిపే జెసూట్ ఫాదర్లు అప్పులు తీర్చడానికి 272 మంది బానిసలను అమ్మిండ్రు. అట్లాంటి చోటికి ఒక నల్లాయన కోచ్‌గా వచ్చి, ఎక్కువగా నల్ల పిల్లలతో జట్టు కట్టిండు. 1975లో వరుసగా ఓడుతుంటే సొంత జిమ్‌లోనే, మ్యాచ్ నడుస్తుండగా, ఆయన్ను కులం పేరుతో తిట్టినట్టు రంగు పేరుతో తిడుతూ, పొమ్మంటూ దుప్పటి మీద రాసి వేలాడదీసిండ్రు. అదే సీజన్ చివర ఆ జట్టు జాతీయ టోర్నీకి పోయింది. 1943 తర్వాత అదే మొదలు.

1982 ఫైనల్ చాలామంది చూసే ఉంటరు, అప్పటికి కుర్రాడైన మైకేల్ జోర్డాన్ ఆఖర్లో వేసిన షాట్ కోసం. నార్త్ కరోలినా 63, జార్జ్‌టౌన్ 62. ఆ షాట్ తర్వాత కూడా టైముంది. జార్జ్‌టౌన్ గార్డ్ ఫ్రెడ్ బ్రౌన్ పొరపాటున బంతిని నేరుగా అవతలి జట్టు జేమ్స్ వర్తీ చేతికిచ్చిండు. అయిపోయింది. మన దగ్గరైతే ఆ పిల్లగాడు ఇంటికి పోయేదాకా తిట్లే. థాంప్సన్ వెళ్లి కావలించుకున్నడు. రెండేళ్ల తర్వాత 1984లో హ్యూస్టన్ మీద 84-75తో గెలిచినప్పుడు మళ్లీ అదే బ్రౌన్‌ను కావలించుకున్నడు. ఈ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ గెలుపుతో టైటిల్ గెలిచిన మొదటి నల్ల కోచ్ అయిండు. అట్లా పిలిస్తే ఆయనకు నచ్చేది కాదు. తనకన్నా ముందు సత్తా ఉన్నోళ్లు లేరని కాదు, వాళ్లకు అవకాశమే ఇవ్వలేదని ఆయన వాదన. మనలో ఎవరికైనా ర్యాంకొస్తే ఫలానా తెగ నుంచి మొదటి డాక్టర్ అని పేపర్లో వేస్తరు. ఫోటో చూసి సంబరపడతం. ఇంతకాలం ఎందుకు లేరన్న సంగతి మాత్రం ఆ వార్తలో ఉండదు.

ఆ జట్టు మధ్యలో నిలబడ్డది ప్యాట్రిక్ యూయింగ్. జమైకాలో పుట్టి పన్నెండేళ్లప్పుడు అమెరికా వచ్చిండు. వేరే ఊళ్లకు ఆడబోతే యూయింగ్‌కు చదవడం రాదని అట్టలు పట్టుకునేటోళ్లు, కోర్టులోకి అరటిపండ్లు విసిరేటోళ్లు. నాలుగేళ్లు ఆడి, మూడు ఫైనళ్లు ఆడి, 1985లో టైముకు డిగ్రీ పట్టా తీసుకున్నడు.

ఇప్పుడు అసలు సంగతికొస్తం. 1984లో యూయింగ్ పక్కన మైకేల్ గ్రాహం అనే మొదటి సంవత్సరం కుర్రాడు ఆడిండు. గుండు, మొరటు ఆట, రీబౌండ్ల కోసం పులిలా దూకేటోడు. కప్పు రావడంలో వాడి పాలు చిన్నది కాదు. మరుసటి ఏడాది వాడు సరిగ్గా చదవలేదని థాంప్సన్ జట్టులో ఆడనియ్యలేదు. గెలిచిన జట్టు హీరోని. వాడు వేరే కాలేజీకి పోయిండు. 1985 ఫైనల్లో విలనోవా 28 షాట్లు వేస్తే 22 పడ్డయి, జార్జ్‌టౌన్ 66-64తో ఓడింది. రెండే రెండు పాయింట్లు. గ్రాహం ఉంటే రెండో కప్పు వచ్చేదని మాలో ఇద్దరి నమ్మకం. పక్క గది అన్న లెక్కలో అది ఒక కప్పు తక్కువ. మా లెక్కలో, ఆ కోచ్ నిజంగా ఏం కోరుకున్నడో తెలిసేది అక్కడే. ఆయన ఆఫీసులో గాలి తీసేసిన బంతి ఒకటి ఉండేది. గాలి పోయినంక మీ దగ్గర ఏం మిగులుతదని పిల్లలకు దాన్ని చూపించి అడిగేటోడు.

ఇదంతా చదివి మార్కులు తక్కువున్నోళ్లను తీసేసే కోచ్ అనుకుంటే పొరపాటు. దానికి పూర్తిగా తిరగబడ్డట్టు కనిపించే పని ఆయన 1989లో చేసిండు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. అప్పటికే దాని రూల్ ఒకటున్నది. స్కూల్లో 2.0 సగటు, ఎస్ఏటీ పరీక్షలో 1600కు 700, రెండూ ఉంటేనే మొదటి సంవత్సరం ఆడాలె. ఒకటే ఉన్నోడు ఆ ఏడాది ఆడొద్దు, కానీ స్కాలర్‌షిప్ మీద చదువుకోవచ్చు. 1989 జనవరిలో ప్రపోజిషన్ 42 అని కొత్త రూల్ తెచ్చిండ్రు. అట్లాంటోళ్లకు ఆ ఏడాది స్కాలర్‌షిప్ కూడా బంద్. పేరు చదువు ప్రమాణాలు పెంచడం. ఫలితం మాత్రం, డబ్బున్నోడు సొంత ఫీజు కట్టుకొని చేరతడు, లేనోడు గేటు బయటే ఆగిపోతడు.

జనవరి 14, బోస్టన్ కాలేజీతో మ్యాచ్. జట్టు కోర్టులోకి వచ్చింది. ఆట మొదలు కాకముందే థాంప్సన్ తువ్వాలు తీసి ఇచ్చేసి బయటికి నడిచిపోయిండు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టిండ్రు. తర్వాతి మ్యాచ్‌కు కూడా బెంచీ మీదికి రాలేదు. దేశమంతా దాని మీదే చర్చ. మరుసటి ఏడాది ఎన్‌సీఏఏ రూల్ మార్చింది, ఆట కోటాలో కాకపోయినా పేదరికం మీద ఇచ్చే సాయం తీసుకోవచ్చన్నది.

అందరూ ఆయన వైపు లేరు. టెన్నిస్ చాంపియన్ ఆర్థర్ ఆష్ కూడా నల్లాయనే, ఆ రూల్‌ను సమర్థించిండు. మన పిల్లలకు తక్కువ గీత గీస్తే తక్కువే చదువుతరు, ఎక్కువ గీయండి, అందుకుంటరు అనేది ఆయన మాట సారాంశం. ఇది కొట్టిపారేసే మాట కాదు. మన ఇండ్లల్లో చదువుకున్న పెద్దలు కూడా ఇదే అంటరు. కానీ మేము థాంప్సన్ వైపే. లోపలికి వచ్చినోడిని గట్టిగా పట్టుకోవాలె, వినకపోతే గ్రాహంను చేసినట్టు చెయ్యాలె, కానీ రాకముందే ఒక పరీక్ష మార్కు చూసి తలుపు వేయొద్దు. గ్రాహంకు తలుపు తెరిచినంక లెక్క అడిగిండు. 42వ రూల్ తెరవకముందే అడిగింది. ఆయన చేసిన రెండు పనులకు పొత్తు కుదిరేది అక్కడనే.

మాకు ఇది దూరపు కథ కాదు. మాతో ఆడిన ఒక తమ్ముడు మొదటి సంవత్సరం ఇంగ్లిష్ మీడియం అర్థం కాక రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నడు. స్కాలర్‌షిప్ ఆగింది, మెస్ బిల్లు పెరిగింది, ఒక రోజు పొద్దున బ్యాగు సర్దుకొని ఊరికి పోయిండు. ఆపి మాట్లాడిన సారు ఒక్కరు లేరు. మేమూ ఆపలేదు, అది కూడా రాస్తున్నం.

అభిమానులం కాబట్టి తప్పులు దాచం. థాంప్సన్ దగ్గర నాలుగేళ్లు ఉన్నోళ్లలో 97 శాతం మంది డిగ్రీ తెచ్చుకున్నరని గొప్పగా చెప్తరు. గొప్పే. కానీ నాలుగేళ్లు ఉన్నోళ్లలో అన్న మాట గమనించండి. మధ్యలో పోయిన గ్రాహం లాంటోళ్లు ఆ లెక్కలోకే రారు. మన కాలేజీలు ఫైనల్ ఇయర్ పాస్ శాతం ఫ్లెక్సీ వేసుకున్నప్పుడు మధ్యలో మానేసినోళ్లు కనపడనట్టే. ప్రాక్టీసు తలుపులు మూసి, పిల్లలతో విలేకరులను మాట్లాడనియ్యకుండా పెట్టిండు. కాపాడటానికే అన్నడు, కొంత నిజమే, కానీ ఇరవై ఏళ్ల పిల్లల నోరు కూడా ఆయన చేతిలోనే ఉండె. ఆయన జట్లు కోర్టులో కొట్లాటలకు దిగినయి కూడా. నైకీ కంపెనీ ఆయనకు డబ్బిచ్చింది, 1991లో బోర్డులోకి కూడా తీసుకున్నది. ఆ బూట్లు తొడుక్కొని ఆడిన పిల్లలకు పైసా రాలేదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు సోవియట్ చేతిలో సెమీస్ ఓడి కాంస్యంతో తిరిగొచ్చింది. 1985 తర్వాత ఫైనల్ ఫోర్ మొహం చూడలేదు. 1999లో సీజన్ సగంలో, ఇంటి సమస్యలని చెప్పి దిగిపోయిండు. ఆ తర్వాత ఆయన అసిస్టెంట్, కొడుకు, చివరికి యూయింగ్, ఒకరి తర్వాత ఒకరు 2023 దాకా అదే కుర్చీలో. అంత పెద్ద చెట్టు కింద వేరే మొక్క మొలవలేదు.

అయినా పిల్లల పేర్లు తలుచుకుంటే మళ్లీ మనసు మెత్తబడతది. డికెంబే ముటోంబో కాంగో నుంచి డాక్టర్ అవుదామని స్కాలర్‌షిప్ మీద వచ్చిండు. థాంప్సన్ బంతి చేతికిచ్చిండు. 1991లో భాషాశాస్త్రం, దౌత్యం చదివి డిగ్రీ తీసుకున్నడు. డాక్టర్ కాలేదు గానీ, 2007లో కిన్షాసాలో అమ్మ పేరు మీద ఆస్పత్రి తెరిచిండు. అలొంజో మౌర్నింగ్ చుట్టూ ఊళ్లోని పెద్ద డ్రగ్ వ్యాపారి తిరుగుతుంటే, థాంప్సన్ పోలీసులకు చెప్పి ఊరుకోలేదు. ఆ వ్యాపారినే ఆఫీసుకు పిలిపించి, నా పిల్లల జోలికి రావొద్దని మొహం మీద చెప్పిండు.

ఇక మా ఐవర్సన్. పదిహేడేళ్లప్పుడు జరిగిన ఒక బౌలింగ్ హాల్ కొట్లాట కేసులో జైలుకు పోయిండు. తర్వాత 1995లో ఆ శిక్షను పైకోర్టు కొట్టేసింది, కానీ అప్పటికి కాలేజీలన్నీ వెనక్కి తగ్గినయి. వాళ్లమ్మ థాంప్సన్ దగ్గరికి పోయి నా కొడుకును కాపాడమని అడిగింది. తీసుకున్నడు. ఐవర్సన్ రెండేళ్లే ఉండి 1996లో ఎన్‌బీఏకు పోయిండు, డిగ్రీ లేదు, 97 శాతంలోనూ లేడు. 2016లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద ఏడుస్తూ, నా ప్రాణం కాపాడిండని ఆ సారుకే దండం పెట్టిండు.

గ్రాహం సంగతి మీద మాత్రం మా గదిలో ఇంకా రెండు పార్టీలే. తీసేయడం సరే, ఇంకో ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టి చదివిస్తే ఏం పోయేదని ఇద్దరు. ఊరికి పోయిన తమ్ముడు గుర్తొచ్చినప్పుడల్లా ఆ ఇద్దరి గొంతు పెద్దదవుతది. వచ్చే ఆదివారం వాళ్ల ఊరికి పోతున్నం. పరీక్ష ఫీజుకు ఆఖరు తేదీ ఇంకా దాటలేదు.