పంచుకొన్న పాఠములు

ఒక చిన్న పట్టణమునందలి ప్రభుత్వ కళాశాలను తలచుకొనుడు. అచ్చట తరగతి గదులు కలవు, విద్యార్థులును కలరు. కాని ఒక శాస్త్రమును బోధింపవలసిన అధ్యాపకుని స్థానము ఖాళీగా నున్నది. ఆ శాస్త్రమునందే ఆరితేరిన ఆచార్యుడు ఎక్కడనో చెన్నైలోనో, ఖరగ్‌పూరులోనో పాఠము చెప్పుచున్నాడు. ఆయన యెదుట కూర్చుండి వినగలిగినవారు ఏ నూరుమందియో ఉందురు. ఆ రెండు విద్యాలయములును ప్రజలు కట్టిన పన్నులతోనే నడచుచున్నవి. అట్లయినచో ఒకచోటి పాఠము రెండవచోటికి ఏల చేరగూడదు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో తెలుగువారు ముందున్నారు. 1982 ఆగస్టు 26వ తేదీన హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. భారతదేశమున ఇట్టి విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. ఆచార్య జి. రాంరెడ్డి దానికి ప్రథమ ఉపకులపతి. 1991లో దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి. ఆ విశ్వవిద్యాలయము ఊరూర క్రొత్త భవనములు కట్టబూనలేదు. అప్పటికే ఉన్న కళాశాలలను అధ్యయన కేంద్రములుగా చేసికొనెను. అచ్చు వేసిన పాఠములు విద్యార్థుల చేతికి అందెడివి. రేడియోలో కొన్ని పాఠములు వినవచ్చెడివి. సెలవు దినమున ఆ కేంద్రములందు అధ్యాపకులు కూర్చుండి సందేహములు తీర్చెడివారు. వారమంతయు కార్యాలయములో గుమాస్తాగా పనిచేసినవాడును, ఇల్లు దిద్దుకొనవలసిన గృహిణియు పుస్తకములు చేతబట్టి అచ్చటికి వచ్చుటకు వీలు కలిగెను. అంతర్జాలము రాకముందే కళాశాలల నడుమ సహకారమనగా నేమో ఆ గదులు తెలిపినవి.

తరువాత సాధనములు మారినవి. 2003వ సంవత్సరమున బొంబాయి, ఢిల్లీ, గౌహతి, కాన్పూరు, ఖరగ్‌పూరు, మద్రాసు, రూర్కీలలోని ఏడు ఐ.ఐ.టి.లును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి, కేంద్రప్రభుత్వ ధనసహాయముతో ఒక కార్యక్రమమును ఆరంభించినవి. దానిని ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పొడి అక్షరములతో పిలుతురు. ఆచార్యులు చెప్పు పాఠములను వీడియోలుగా తీసి, ఎవరైనను వెల చెల్లింపక చూచుటకు వీలుగా అంతర్జాలమున నుంచిరి. ప్రతి విద్యాలయమును అన్ని శాస్త్రములకును తానే పాఠములు తయారుచేయవలెనన్నచో ఎంత కాలము, ఎంత ధనము వ్యయమగును! ఎనిమిది సంస్థలు చేయి కలుపుటచే ఆ భారము తేలికయైనది. 2014 నుండి వీడియోలతోపాటు వారము వారము అభ్యాసములు, కడపట పరీక్ష, ఉత్తీర్ణులకు యోగ్యతాపత్రము ఏర్పడినవి. పాఠమునకు రుసుము లేదు. పరీక్ష వ్రాయగోరువారు మాత్రమే రుసుము చెల్లింతురు. పరీక్షను ఇంటివద్ద కాక నిర్ణీత కేంద్రమునకు పోయి వ్రాయవలెను. ఇది మంచి కట్టుబాటు. యోగ్యతాపత్రమునకు విలువ దీనివలననే నిలుచుచున్నది.

2017 జులై 9న ‘స్వయం’ అను జాతీయ వేదిక ప్రారంభమై ఈ పాఠములకు మరింత వ్యాప్తి కలిగించెను. అచ్చట నేర్చిన విషయమును విద్యార్థి తన కళాశాల చదువులో లెక్కింపజేసికొనుటకు 2016లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము నియమములు చేసెను. ఒక సెమిస్టరులో నూటికి 20 వంతుల వరకు ఇట్టి విషయములను ఎన్నుకొనవచ్చునని అప్పుడు అనుమతింపగా, 2021లో దానిని 40 వంతులకు పెంచిరి.

జాగ్రత్త వహింపవలసిన తావు ఇదియే. తెరపైనున్న ఆచార్యుడు ఎంత పండితుడైనను, వెనుక బల్లపై కూర్చున్న పిల్లవాని ముఖము వాడిపోవుట చూడలేడు. “ఇంకొకసారి చెప్పుదునా?” అని అడుగలేడు. వీడియోను వెనుకకు త్రిప్పి పదిసార్లు వినవచ్చును, నిజమే. కాని అర్థముకాని మాట పదిసార్లు విన్నను ఒక్కొక్కప్పుడు అర్థముకాదు. దానిని వేరొక విధముగా చెప్పువాడు కావలెను. ఈ సంగతి గుర్తించియే ఎన్.పి.టి.ఇ.ఎల్. వారు కళాశాలలలో స్థానిక శాఖలు నెలకొల్పి, ఆ కళాశాల అధ్యాపకులే విద్యార్థులకు తోడుగా నుండు ఏర్పాటు చేసిరి. ఆ తోడు కాగితముపై మాత్రమే మిగిలినచోట విద్యార్థి మొదటి రెండు వారములు ఉత్సాహముతో వినును. మూడవ వారమున మానివేయును. వీడియోలు కలవు గనుక ఖాళీగా నున్న అధ్యాపక స్థానమును నింప నక్కరలేదని ఎవరైన తలచినచో, అది సహకారము కాదు, బాధ్యతనుండి తప్పించుకొనుట.

మరియొక చిక్కు భాష. ఆ ఉన్నత పాఠములలో అధిక భాగము ఆంగ్లమున నున్నవి. కొన్నింటి పాఠ్యభాగములను తెలుగు మొదలైన భారతీయ భాషలలోనికి అనువదించుచున్నారు. ఇది మెచ్చదగిన పని. అయినను అనువాదము వేరు, తెలుగులో పుట్టిన పాఠము వేరు. చిన్న ఊరి కళాశాలలో ముప్పదియేండ్లుగా పాఠము చెప్పిన అధ్యాపకునికి, తెలుగు పిల్లలు ఎచ్చట తడబడుదురో తెలియును. కప్పీని గూర్చి చెప్పునప్పుడు నూతి గిలకను చూపును. ఆయన పాఠమును కూడ వీడియోగా తీయవలదా? పెద్ద సంస్థలు ఇచ్చుట, చిన్న కళాశాలలు పుచ్చుకొనుట అను పద్ధతి దానమగును గాని సహకారము కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 2014లో రెండు రాష్ట్రములైనను, విద్యార్థుల భాష ఒక్కటియే. ఇరురాష్ట్రముల ప్రభుత్వ కళాశాలలు శాస్త్రములను పంచుకొని తెలుగు పాఠములు సిద్ధముచేసినచో, అవి బెంగుళూరు, చెన్నైలలోని తెలుగు పిల్లలకును ఉపయోగపడును.

ఫోను లేనివారి మాట యేమి? 2020లో కళాశాలలు మూతపడినప్పుడు, ఒకే ఫోనును అన్నదమ్ములు వంతులవారీగా వాడుకొనిన యిండ్లు ఎన్నో. ‘స్వయంప్రభ’ టెలివిజన్ ప్రసారములు అట్టివారికై 2017 నుండియే ఉన్నవి. దినమునకు నాలుగు గంటల క్రొత్త పాఠమును, అదే దినమున మరల మరల ప్రసారము చేయునట్లు వానిని రూపొందించిరి. పగలు పనికిపోయినవాడు రాత్రి చూడవచ్చును. చూచిన పిమ్మట కలుగు సందేహమునకు మాత్రము, మునుపటి అధ్యయన కేంద్రములవలె తెరచియుంచిన గది కావలెను. ప్రతి ప్రభుత్వ కళాశాలయు వారమునకు రెండు గంటలు తన కాలపట్టికలో దానికై కేటాయింపవచ్చును. ఒక నల్లబల్ల, ఒక అధ్యాపకుడు ఉన్నచో, పొరుగు కళాశాల పిల్లలను కూడ రానిచ్చుటకు వేరే ఖర్చు లేదు.