గాలినిండా నత్రజని, చేతిలో ఖాళీ బస్తా

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. అయినా 2025 వానాకాలంలో తెలంగాణ రైతు ఒక్క యూరియా బస్తా కోసం సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి పడిగాపులు కాశాడు. ఖమ్మం మిర్చి చేలకూ, భద్రాచలం అడవి అంచున ఉన్న మడులకూ కావలసిన నత్రజని ఆ చేల మీదే ఉంది, దాన్ని దించే మార్గమే రైతు చేతిలో లేదు. దీన్ని ప్రకృతి మీదకు నెట్టకండి. తప్పు మన పరిశోధన విధానానిది.

రామగుండంలో ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తీసే సామర్థ్యమున్న కర్మాగారం ఉంది. అది సహజవాయువు మీద నడుస్తుంది. వాయువు ఆగినా, యంత్రం మొరాయించినా భద్రాద్రి జిల్లా చర్లలో నాట్లేసిన రైతుకు దిక్కులేదు. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. వరిమడిలో చల్లితే అందులోనూ సగానికి పైగా పైరుకు అందకుండానే పోతుంది, కొంత గాలిలోకి, కొంత నీళ్లలోకి. ఇంత దుబారా పద్ధతిని శాశ్వతమని ఒప్పుకోమంటే నేను ఒప్పుకోను.

గాలి నత్రజనిని దించే ఇదే పనిని బ్యాక్టీరియా ఏ కర్మాగారమూ లేకుండా చేస్తుంది. అడ్డమల్లా ఆక్సిజన్. గాలి నత్రజనిని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే చచ్చిపోతుంది. 1972లో ఇంగ్లండులో రే డిక్సన్, జాన్ పోస్ట్‌గేట్ ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులను ఒక బ్యాక్టీరియా నుంచి మామూలు ఈ.కోలైలోకి పంపారు. అది నత్రజనిని స్థిరీకరించింది, కానీ ఆక్సిజన్ లేని చోట మాత్రమే. యాభై ఏళ్లకు పైగా ఈ రంగమంతా ఆ గడప దగ్గరే కొట్టుకుంటోంది.

గడప దాటిన జీవులు మాత్రం లేకపోలేదు. కంది మొక్క వేరు పీకి బుడిపెను చిదమండి, లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన ప్రొటీన్ అది, ఆక్సిజన్‌ను పట్టి ఉంచి లోపలి బ్యాక్టీరియాను కాపాడుతుంది. పోడు చేలో జొన్నతో కలిపి కంది వేసిన కోయ రైతు ఈ శక్తిని ఏ ప్రయోగశాలా చెప్పకముందే వాడుకున్నాడు. ఇక నేలలో ఒంటరిగా బతికే అజోటోబాక్టర్ ఇంకా మొండిది. చక్కెరలను అతివేగంగా మండించి తన చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను తానే ఖర్చు చేస్తుంది. అప్పటికీ ఆక్సిజన్ పెరిగితే షేత్నా ప్రొటీన్ వచ్చి నైట్రోజినేజ్‌ను కప్పి ఉంచుతుంది. 1960లలో దాన్ని వెలికితీసిన శాస్త్రవేత్త షేత్నా పేరే దానికి పెట్టారు. అది ఎంజైమ్‌ను ఎలా పట్టుకుంటుందో అణువు అణువునా చూపే చిత్రం 2025లో వచ్చింది, జర్మనీ, అమెరికా ప్రయోగశాలల నుంచి.

2018లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో హిమాద్రి పాక్రాసి బృందం, నత్రజని స్థిరీకరణ అసలే తెలియని నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవికి ఆ విద్య నేర్పింది. కోల్‌కతాలో చదివి వెళ్లినవాడు ఆయన. జన్యువులిచ్చిన జీవి సామర్థ్యంలో 30 శాతానికి పైగా సాధించారు. ముప్పై శాతమేనా అని పెదవి విరిచేవాళ్లను అడుగుతున్నాను: మన వరి కోసం ఆ ముప్పై శాతం పని ఎక్కడ జరిగింది? 2019 నుంచి అమెరికాలో మొక్కజొన్న రైతుకు జన్యుసవరణ చేసిన బ్యాక్టీరియాను పివట్ బయో అనే కంపెనీ అమ్ముతోంది. ఆ పైరు వాళ్లది, పేటెంటు వాళ్లది. రేపు వరికి అలాంటిది వస్తే ధర ఎవరు చెబుతారు?

ఈ ప్రశ్నకు జవాబు మనకు తెలుసు, అనుభవించాం. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, గింజల ప్యాకెట్టు ధర పదహారు వందలు దాటింది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి పోరాడితేనే అది 750 రూపాయలకు దిగింది. విజ్ఞానం ప్రజల చేతిలో లేకపోతే న్యాయం కోసం కోర్టుల చుట్టూ తిరగడమే మిగులుతుంది.

అడవి అంచున జన్యుమార్పిడి బ్యాక్టీరియా వదలడం ప్రమాదమని కొందరు మిత్రులు అంటారు. ఆ భయం న్యాయమైనదే. నేలలోకి వెళ్లిన సూక్ష్మజీవిని వెనక్కి పిలవలేం. అందుకే మూసిన గదుల్లో, ఆపైన కంచె వేసిన మడుల్లో, బహిరంగంగా, ఏళ్ల తరబడి పరీక్ష జరగాలంటున్నాను. కానీ పరీక్షే వద్దనడం రక్షణ కాదు. కలుపుమందు తట్టుకునే పత్తికి ఏ అనుమతీ లేదు, అయినా దొంగ ప్యాకెట్లలో తెలుగు నేలంతా పాకింది. నిర్ణయం తీసుకోకుండా కూర్చుంటే దళారీ తీసుకుంటాడు.

ఈలోగా ఉన్న విద్యనైనా సరిగా ఇస్తున్నామా? జీవన ఎరువు గ్రాములో కనీసం 5 కోట్ల బతికున్న బ్యాక్టీరియా ఉండాలని చట్టం చెబుతోంది. నేను చూసిన ప్యాకెట్లు మే నెల ఎండలో రేకుల గోదాములో ఉడుకుతున్నాయి. చచ్చిన రైజోబియం బ్యాక్టీరియాను గిరిజన రైతుకు సబ్సిడీ పేరుతో అంటగట్టడం మోసం. నా మాటలో మెత్తదనం వెతకకండి.

రాజేంద్రనగర్‌లో జాతీయ వరి పరిశోధన సంస్థ ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. భద్రాద్రి జిల్లాలోనే అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది. వీటన్నిటినీ కలిపి, వరి వేరు దగ్గర ఆక్సిజన్‌లోనూ పనిచేసే బ్యాక్టీరియా కోసం ప్రజల డబ్బుతో, పేటెంటు ప్రజల పేర, పని మొదలుపెట్టాలి. దానికి పదేళ్లు పట్టవచ్చు, పట్టనివ్వండి. ఈ వానాకాలానికి మాత్రం పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ విత్తనం అదునుకు ముందే ఊళ్లకు చేరాలి, జీవన ఎరువు చల్లని పెట్టెల్లో రావాలి. రైతు సోదరులారా, సొసైటీ సమావేశంలో యూరియా ఎప్పుడొస్తుందని అడిగిన నోటితోనే ఇదీ అడగండి: ఈ ప్యాకెట్టులో బతికున్నవి ఎన్ని, ఎవరు లెక్కపెట్టారు, ఆ కాగితం చూపించండి.