పెన్ను పోయి సీసా వచ్చింది.. సిరంజీ సరిచూసుకున్నారా?

ఇన్సులిన్ పెన్ను వాడేవారికి మందుల షాపుల్లో ఇప్పుడు తరచూ వినిపిస్తున్న మాట: ‘ఆ కార్ట్రిడ్జి రావట్లేదండీ, సీసా ఉంది, ఇవ్వమంటారా?’ పేరు అదే, కంపెనీ అదే. రెండూ ఇన్సులినే కదా అని తెచ్చేసుకుంటారు. చిక్కంతా ఇంటికి వెళ్లాక మొదలవుతుంది.

డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ మన దేశంలో హ్యూమన్ ఇన్సులిన్ పెన్నులను, వాటిలో వేసే కార్ట్రిడ్జిలను దశలవారీగా ఆపేస్తున్నట్టు 2025లో ప్రకటించింది. మీలో చాలామందికి తెలిసిన మిక్స్‌టార్డ్ ఈ కోవలోదే. సీసాలు మాత్రం దొరుకుతాయని చెప్పింది. అంతకు ముందే 2024లో దక్షిణాఫ్రికా ప్రభుత్వాసుపత్రులకు ఆ కంపెనీ పెన్నుల సరఫరా ఆగిపోయింది. బరువు తగ్గించే ఖరీదైన మందుల కోసమే పాత ఇన్సులిన్‌ను పక్కన పెడుతున్నారని విమర్శకులు అంటున్నారు. అదే కంపెనీ బరువు తగ్గించే ఇంజెక్షన్ వెగోవీని 2025 జూన్‌లో మన దగ్గర విడుదల చేసింది, అదీ పెన్ను రూపంలోనే. ఆ అనుమానం నాకు మరీ అసంబద్ధంగా ఏమీ తోచదు. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారు. ఇంతమంది ఉన్నచోట చౌకైన మందు విషయంలో ఒక కంపెనీ నిర్ణయం మారినా ఆ దెబ్బ పల్లె దాకా తగులుతుంది.

కంపెనీల సంగతి అలా ఉంచి, మీ ఇంటి సంగతి చూద్దాం.

పెన్ను కార్ట్రిడ్జిలో మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్ ఉంటుంది. మన దగ్గర మామూలుగా దొరికే హ్యూమన్ ఇన్సులిన్ సీసాలో, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే సీసాతో సహా, మిల్లీలీటరుకు ఉండేది 40 యూనిట్లే. పెన్ను వాడినంత కాలం ఈ తేడా మీకు తెలియాల్సిన అవసరం రాలేదు. 20 అని తిప్పితే 20 యూనిట్లు వచ్చేవి, లెక్క పెన్నే చూసుకునేది. సిరంజీ చేతికొచ్చాక ఆ లెక్క మీ మీద పడుతుంది.

40 సీసాకు ఎర్ర మూత సిరంజీ వాడాలి. 100 మందుకు నారింజ రంగు మూత సిరంజీ. మూత మాయమైనా సిరంజీ మీద 40 అనో 100 అనో ముద్రించి ఉంటుంది, చదువుకోండి. 40 సీసాలోంచి 100 సిరంజీతో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ ఎందుకు పెరుగుతోందో తెలియక డోసు పెంచుకుంటూ పోతారు. తర్వాత ఎప్పుడో ఎవరో సరైన సిరంజీ ఇస్తారు, అదే పెంచిన గీత దాకా తీస్తారు, రాత్రికి కళ్లు తిరిగి పడిపోతారు. తిరగేసి చేస్తే ఇంకా ప్రమాదం. పెన్ను పాడైందనో సూదులు అయిపోయాయనో మిగిలిన కార్ట్రిడ్జిలోంచి ఎర్ర సిరంజీతో మందు లాగేవారున్నారు. 20 గీత దాకా లాగితే అది 50 యూనిట్లు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి.

సరైన సిరంజీతోనూ ఒక భయం ఉంటుంది. పెన్నులో 20 యూనిట్లంటే 0.2 మిల్లీలీటర్లు. సీసా నుంచి తీస్తే అవే 20 యూనిట్లు అర మిల్లీలీటరు. ‘ఇంత మందా!’ అని సగానికి తగ్గించేసేవారిని మా ఓపీలో చూస్తూనే ఉంటాం. నీళ్లు ఎక్కువ, మందు అంతే. మీ యూనిట్లు మారలేదు.

ఈ యూనిట్ల గోల మనుషులతో ఆగలేదు. పిల్లిని పెంచుకునే ఒకావిడ అడిగారు, దానికి పశువైద్యుడు మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే గ్లార్జిన్ రాశారట, ఇంట్లో ఆయన వాడే ఎర్ర సిరంజీతో ఇవ్వచ్చా అని. వద్దమ్మా అన్నాను. నాలుగు కిలోల పిల్లికి మొదట్లో ఇచ్చేది పూటకు సుమారు ఒక యూనిట్. ఎర్ర సిరంజీలో ఒక గీత తీస్తే రెండున్నర యూనిట్లవుతుంది. ఆసుపత్రి బల్ల మీద బెదిరిన పిల్లికి ఆ భయానికే షుగర్ పెరుగుతుంది కాబట్టి ఇంట్లో చెవి అంచు నుంచి రక్తపు చుక్క తీసి చూసుకోవడం మేలు. డోసు మాత్రం పశువైద్యుడే నిర్ణయించాలి, అది నా పని కాదు, ఆవిడ పనీ కాదు.

సీసాకు బదులు కొందరు అనలాగ్ మిశ్రమం పెన్నుకు మారుతున్నారు. ధర ఎక్కువ. అంతకన్నా ముఖ్యం, వేళ మారుతుంది. పాత 30/70 హ్యూమన్ మిశ్రమం భోజనానికి అరగంట ముందు తీసుకోవాలి. అనలాగ్ మిశ్రమం కంచం ముందు కూర్చున్నాకే. అలవాటు కొద్దీ అరగంట ముందే పొడుచుకుని, ఆ రోజు వంట ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. మారిన మొదటి రెండు వారాలు గ్లూకోమీటరుతో తరచూ చూసుకోండి. పరగడుపున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి అయినా తప్పనిసరి. వేరే కంపెనీ కార్ట్రిడ్జి తెచ్చి పాత పెన్నులో బలవంతంగా దూర్చకండి. అది సరిగా కూర్చోకపోతే డోసు తప్పుతుంది.

మిశ్రమం సీసా కదలకుండా ఉంటే మందు అడుగుకు చేరుతుంది. అరచేతుల మధ్య ఓ ఇరవై సార్లు నెమ్మదిగా దొర్లించి, పాలలా ఒకే తెలుపు అయ్యాకే తీయండి. గిలకొట్టకండి. సిరంజీ సూది పెన్ను సూది కన్నా సాధారణంగా పొడవుంటుంది కాబట్టి చర్మాన్ని వేళ్లతో మడత పట్టి గుచ్చండి.

చెమటలు, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి కోపం, తికమక.. వీటిలో ఏది వచ్చినా షుగర్ చూడండి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు లేదా పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఒకే మందు రెండు గాఢతల్లో ఉండటమే ఈ తంటాకు మూలం. బ్రిటన్ 1983లోనే అంతా 100కు మార్చేసుకుంది. మనమూ ఆ దారి పట్టాలని నా అభిప్రాయం. కాకపోతే అది రాత్రికి రాత్రి చేసే పని కాదు, సీసాతో పాటు సిరంజీ కూడా ఒకేసారి మారాలి. అంతవరకు సీసా ఇచ్చే ప్రతి ఫార్మసీ, సర్కారుదైనా ప్రైవేటుదైనా, దానికి సరిపోయే సిరంజీ కలిపి ఇస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి. మేం డాక్టర్లం కూడా చీటీ మీద ‘20 యూనిట్లు’ అని వదిలేయకుండా 40 సీసానా, 100 పెన్నా అన్నది రాయాలి. రాయకపోతే నిలదీసి రాయించుకోండి.